గేటు తెరిస్తే మెట్టకు నీళ్ళు ఎక్కుతాయా?

పల్నాడులో ఎత్తిపోతల అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, మాచర్ల నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో చంద్రవంక డెబ్భై అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకే చోటు. రెండోది, కిందనున్న నీళ్ళను మోటార్లతో పైకి తోడి మెట్ట పొలాలకు పారించే పథకం. మొదటిదాన్ని చూడ్డానికి జనం బస్సులు కట్టుకుని వస్తారు. రెండోదాని కోసం వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు జనం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు. సాగర్ కాలువలకు 1967లోనే నీళ్ళు వదిలారు. అయినా ఆనకట్టకు దగ్గరలోనే ఉండి ఆ నీళ్ళు అందని ఊళ్ళున్నాయి. కారణం చాలా చిన్నది. ఆ పొలాలు కాలువ కంటే ఎత్తున ఉన్నాయి. వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి ముఖ్యమంత్రి మాచర్ల వచ్చి శంకుస్థాపన చేసింది 2023 నవంబరు 15న.

నీళ్ళ సంగతి ఎత్తింది పరిశోధన సంగతి చెప్పడానికే. ఇరవై ఏళ్ళుగా ప్రపంచమంతా విశ్వవిద్యాలయాల్లో ఓపెన్ యాక్సెస్ అనే మాట వినిపిస్తోంది. అంటే శాస్త్ర పరిశోధన ఫలితాలను ఎవరైనా సరే డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు, దింపుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అని. 2002 ఫిబ్రవరిలో బుడాపెస్టులోనూ, 2003 అక్టోబరులో బెర్లిన్‌లోనూ చేసిన ప్రకటనలు ఈ ఉద్యమానికి పునాదులు. మంచిదే. గుడి తలుపులూ బడి తలుపులూ మూసి ఉంచినవాళ్ళతో పోట్లాడినవాళ్ళం, జ్ఞానం తలుపులు తెరుస్తామంటే కాదంటామా? అయితే గేటు తెరవగానే పల్లానికి నీళ్ళు పారతాయి. మెట్టకు పారవు. మన మాల మాదిగ పల్లెలు, లంబాడీ తండాలు ఈ లెక్కలో పల్లాన ఉన్నాయా, మెట్టన ఉన్నాయా అన్నదే మా ప్రశ్న.

మిరప సంగతి తీసుకుందాం. 2021-22 పంట కాలంలో గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. మన రైతులకు తామర పురుగు కొత్తేమీ కాదు. ఆకులు పైకి ముడుచుకుపోతే పై ముడత అంటారు, దానికి ఏదో ఒక మందు కొడతారు. ఈ కొత్తది ఆకు కంటే పూతను ఎక్కువగా పట్టింది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. చాలాచోట్ల తోటలు పీకేశారు, దున్నేశారు. శాస్త్రవేత్తలు దీన్ని త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ పురుగు మన దేశంలో అడుగుపెట్టిందని 2015లోనే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. బెంగుళూరులో బొప్పాయి మీద దొరికింది. జర్నల్ ఆఫ్ ఇన్‌సెక్ట్ సైన్స్ అనే పత్రికలో పేపరు వేశారు. ఆ పత్రిక పూర్తిగా ఓపెన్ యాక్సెస్. ఎవరైనా ఒక్క పైసా కట్టకుండా చదువుకోవచ్చు. ఇండోనేసియాలో ఇది మిరపను కూడా తింటుందని అప్పటికే శాస్త్రలోకానికి తెలుసు. అంటే తోటలు పోవడానికి ఆరేళ్ళ ముందే కబురు అచ్చయి, తలుపులు బార్లా తెరిచి ఉంది.

ఎత్తిపోతల దగ్గర్లోని ఒక పల్లెలో రెండెకరాలు కౌలుకు చేసిన ఒక మాదిగ అక్కతో ఈ మాట అన్నాం. ఆమె, ‘పూత కదిపితే నల్లగా అరచేతిలో రాలేది బాబూ. మందుల కొట్టాయన ఏది ఇస్తే అది కొట్టాం’ అని చెబుతోంది. ‘ఆ పురుగు వచ్చిందని ఆరేళ్ళ ముందే రాశారక్కా’ అన్నాం. ‘ఎవరికి రాశారు?’ అంది.

ఆమె వెటకారంగా అనలేదు. ఉత్తరం అనుకుంది. రాశారంటే ఎవరో ఒకరికి రాసి ఉండాలి కదా.

ఇక్కడ మేము అతిశయోక్తికి పోదలచుకోలేదు. ఆ పేపరు ఒక్కటీ తెలుగులో వచ్చి ఉంటే తోటలు నిలబడేవని మేము అనడం లేదు. అది పురుగును గుర్తుపట్టే పేపరే గాని మందు చెప్పే పేపరు కాదు. కానీ ముందే తెలిసి ఉంటే మొదటి నల్ల పురుగు కనబడ్డ రోజునే ఇది పాత తామర కాదని పట్టుకునేవాళ్ళు. కొట్టాయన మాట మీద వరస పెట్టి మందులు గుమ్మరించి, పురుగును తినే మిత్ర పురుగులను కూడా చంపుకునేవాళ్ళు కాదేమో. పోయిన పంటకు సాయం దగ్గర కూడా కౌలుదారుకు అన్యాయమే జరిగింది. 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం పెడితేగాని కౌలు కార్డు రాదు. భూమి లేని కులాలు కౌలుకు చేస్తాయి, భూమి ఉన్న కులాలు సంతకం పెట్టవు. పురుగుకు కులం లేదు గాని నష్టానికి ఉంది.

ఇంతకంటే పాత ముచ్చట ఒకటుంది. పల్నాడుకు పొరుగునే ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా పల్లెల్లో ఎముకలు వంగిపోయే రోగానికి కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడేనని 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో డాక్టర్లు రాశారు. దేశంలో ఈ రోగం గురించి వచ్చిన తొలి పరిశోధన అదే. పేపరు వచ్చి ఎనభై ఏళ్ళు దాటినా ఆ వైపు మంచినీళ్ళు ఎన్నికల వాగ్దానంగానే తిరుగుతున్నాయి. పరిశోధన లేక కాదు మనం నష్టపోయింది. మన ఒంటి మీద, మన నీళ్ళ మీద, మన పొలం మీద జరిగిన పరిశోధన మనకు తిరిగి రాక నష్టపోయాం.

ఇప్పుడు విశ్వవిద్యాలయం దగ్గరికి వద్దాం. అది పరిశోధనను తెరిచే పద్ధతులు ప్రధానంగా రెండు. ప్రొఫెసర్ ఒక పేపరు రాస్తాడు. జీతం ప్రజలది, లాబొరేటరీ ప్రజలది. దాన్ని విదేశీ పత్రికకు ఉచితంగా ఇస్తాడు. తోటి ప్రొఫెసర్లు ఉచితంగా దిద్దిపెడతారు. పత్రిక దాన్ని అచ్చేసి, అదే విశ్వవిద్యాలయం లైబ్రరీకి లక్షలకు అమ్ముతుంది. మన ఊళ్ళో దొర పొలంలో వెట్టి చేసి, ఆ ధాన్యమే అప్పుకు తెచ్చుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. దీనికి మొదటి విరుగుడు ఇది. పత్రిక అంగీకరించిన చివరి రాతప్రతిని రచయిత తన విశ్వవిద్యాలయపు భాండాగారంలో, అంటే ఇంగ్లీషులో రిపాజిటరీ అనే చోట పెట్టాలి. పత్రిక కొన్ని నెలలు ఆగమంటే ఆగి, తర్వాత అందరికీ తెరవాలి. ఇందులో ఎవరూ ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. మన దేశంలో ఇలా పెట్టి తీరాలని 2006లో నియమం చేసింది రూర్కెలాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లోనూ, కేంద్ర ప్రభుత్వపు సైన్సు, బయోటెక్నాలజీ శాఖలు 2014 డిసెంబరులోనూ ఇలాంటి విధానాలే ప్రకటించాయి.

రెండోది పత్రికే తలుపు తెరవడం. చదివేవాడు కట్టడు, కానీ చాలా పత్రికల్లో రాసేవాడు కడతాడు. ఈ రెండో పద్ధతిని గురించి దళిత పరిశోధక విద్యార్థులు కాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. నేచర్ పత్రిక 2021 నుంచి ఒక పేపరును ఓపెన్ యాక్సెస్‌గా వేయడానికి 9,500 యూరోలు అడిగింది. మన రూపాయల్లో ఎనిమిది లక్షల పైమాటే. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పిహెచ్.డి. విద్యార్థికి ఇచ్చే ఫెలోషిప్ నెలకు 8,000. ఆ పిల్లవాడు తిండి మానేసి కూడబెట్టినా ఒక్క పేపరుకు ఎనిమిదేళ్ళు పడుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా రాసేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. చదవడానికి ఉన్న గోడను తీసి రాయడానికి కట్టినట్టయింది.

ఈ అవసరాన్ని కనిపెట్టి దుకాణాలు కూడా వెలిశాయి. డబ్బు తీసుకుని, సరిగా చూడకుండానే పేపర్లు అచ్చేసే పత్రికలవి. అందులో పెద్ద పేరు మన హైదరాబాదుదే. ఓమిక్స్ అనే సంస్థ పరిశోధకులను మోసపుచ్చిందని తేల్చి, 2019 మార్చిలో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. 2016 నియమాల ప్రకారం పిహెచ్.డి. కావాలంటే పేపరు అచ్చు కావాల్సిందే. ఆ షరతును యుజిసి 2022లో తీసేసింది. ఈ మధ్యకాలంలో మొదటి తరం చదువుకున్న మన పిల్లలు ఎంతమంది ఇలాంటి పత్రికలకు అప్పు తెచ్చి కట్టారో ఎవరూ లెక్క కట్టలేదు. ఏ పత్రిక మంచిదో చెవిలో చెప్పే మేనమామలు అగ్రకులాల పిల్లలకుంటారు. మన పిల్లలకు నోటీసు బోర్డే దిక్కు.

అచ్చు ఖర్చు విద్యార్థి మీద పడటం ఇవాళ్టిది కాదు. అంబేద్కర్‌కు కూడా తప్పలేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన పిహెచ్.డి. పని చేసిన కాలంలో, థీసిస్‌ను అచ్చేసి ప్రతులు ఇస్తేనే పట్టా ఇచ్చేవాళ్ళు. పరిశోధన లోకానికి అందాలన్న నియమమే అది, మంచి ఉద్దేశమే. కానీ ఖర్చు రాసినవాడిది. 1916లోనే అమెరికా వదిలి వచ్చిన ఆయన థీసిస్ బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద పుస్తకంగా లండన్‌లో వచ్చింది 1925లో. పట్టా చేతికొచ్చింది 1927లో. మరో సంగతి. 1936లో లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు తమ సభను రద్దు చేసుకున్నాక, చదవని ఆ ఉపన్యాసాన్ని అంబేద్కర్ తన ఖర్చుతో తానే అచ్చేయించి జనంలో పెట్టాడు. కుల నిర్మూలన మన చేతికి వచ్చింది ఏ పత్రికా దయతోనూ కాదు. రచయితే తన రచనను జనానికి అందించడమనే పని ఆయన అప్పుడే చేశాడు. ఆయన బతికుండగా అచ్చయిన రచనల మీద కాపీరైటు 2016తో ముగిసింది. 2017 జనవరి 1 నుంచి ఎవరైనా వాటిని అచ్చేయవచ్చు, తెలుగు చేయవచ్చు, ఊరూరా పంచవచ్చు. ఇది చాలామంది కార్యకర్తలకు తెలియదని మాకు అనుభవంలో తెలిసింది, అందుకే ఇక్కడ చెబుతున్నాం.

మన దగ్గర జరిగిన పనిని చూద్దాం. చూడదగిన పనే జరిగింది. యుజిసి 2009 నియమాలు పిహెచ్.డి. థీసిస్‌ను కంప్యూటరు ప్రతిగా కూడా ఇవ్వాలన్నాయి. గుజరాత్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధగంగలో వాటిని పెడుతున్నారు. గుంటూరు దగ్గర నంబూరులోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం థీసిస్‌లు అందులో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఒకప్పుడు థీసిస్ చూడాలంటే లైబ్రరీకి పోయి, ఉత్తరం చూపించి, బీరువా తాళం తీయించుకోవాలి. తాళం చేతులు ఎవరి దగ్గర ఉండేవో చెప్పనక్కర్లేదు. ఇవాళ కారంపూడిలో కూర్చున్న బడిపంతులు ఫోనులో చదువుకోవచ్చు. గుంటూరు లాం కేంద్రంగా నడిచే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, అంటే 1964లో పుట్టిన పాత ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, తన థీసిస్‌లను కృషికోశ్ అనే భాండాగారంలో పెడుతోంది. పత్తి, మిరప, కంది మీద బాపట్ల కాలేజీ విద్యార్థులు చేసిన పనిని అక్కడ వెతుక్కోవచ్చు. దీన్ని మేము తక్కువ చేసి చూడం.

అయితే వెతికితే దొరుకుతుందా? శోధగంగలో తెలుగు థీసిస్ వెతికినవాళ్ళకు తెలుసు ఆ బాధ. ఒక్కో అధ్యాయం ఒక్కో ముక్కగా ఉంటుంది. చాలా తెలుగు థీసిస్‌లు కాగితాన్ని ఫోటో తీసినట్టుగా ఉంటాయి. మిగిలినవి చాలామటుకు అను ఫాంట్లలో కొట్టినవి. యూనికోడ్ కాదు గనక ‘పల్నాడు’ అని వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. అంటే ఇంగ్లీషులో రాసిన థీసిస్ లోకమంతా కనబడుతుంది, తెలుగులో రాసింది తెరిచి ఉండి కూడా కనబడదు. తెలుగులో రాసేవాళ్ళెవరు? ఎక్కువగా తెలుగు మీడియం సర్కారు బడుల నుంచి వచ్చినవాళ్ళు. గేటు ఒకటే, కాలువలు రెండు.

తెరవడమే కాదు, నిలబెట్టడం కూడా విశ్వవిద్యాలయం పనే. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రంగా నడిచిన భారత డిజిటల్ లైబ్రరీ లక్షల పుస్తకాలను స్కాన్ చేసింది. పాత తెలుగు పుస్తకాలెన్నో దానివల్ల బతికాయి. తర్వాత ఆ సైటు మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులుండబట్టి సరిపోయింది. ఎత్తిపోతలకు దగ్గర్లోనే ఉన్న నాగార్జునకొండ శాసనాలను వోగెల్ అనే పండితుడు ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించి తొంభై ఏళ్ళు దాటింది. లోయ సాగర్‌లో మునిగింది. ఆ శాసనాల పాఠాలను ఇవాళ మాచర్ల విద్యార్థి చదవగలుగుతున్నాడంటే ఎవరో ఆ సంపుటాలను స్కాన్ చేసి పెట్టబట్టే. అక్కడి విహారాలు పెద్ద విశ్వవిద్యాలయమని గైడ్లు చెబుతుంటారు. అంత మాట మేము అనం గాని, సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు ప్రత్యేకంగా విహారం ఉండేదని శాసనమే చెబుతోంది.

ఈ మధ్య ఢిల్లీ మరో దారి పట్టింది. ఒకే దేశం ఒకే చందా అనే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం ఇచ్చింది. 2025 నుంచి మూడేళ్ళకు 6,000 కోట్లు. ముప్ఫై ప్రచురణ సంస్థల దగ్గర దాదాపు 13,000 పత్రికలు కొని, 6,300 పైచిలుకు ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందిస్తారు. సర్కారు డిగ్రీ కాలేజీ పిల్లలకు ఇది ఉపయోగమే, కాదనం. కానీ ఇది తలుపు తెరవడం కాదు, ఎక్కువ తాళం చేతులు కొనడం. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలు లేవు. మన పిల్లల్లో ఎక్కువమంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేది ఆ కాలేజీల్లోనే. చదువు అయిపోయి ఊరికి వచ్చిన కార్యకర్త లేడు, బడిపంతులు లేడు, మిరప వేసిన అక్క అసలే లేదు. ఓపెన్ యాక్సెస్ ఉద్యమం మొదలైంది సంస్థ గుర్తింపు కార్డు లేనివాడి కోసం. ఈ పథకంలో మొదట పోయింది అతనే.

మరి విశ్వవిద్యాలయాన్ని మనం ఏమడగాలి? బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయం 2007లో ఒక చిన్న మెలిక పెట్టింది. ప్రమోషన్ కోసం దరఖాస్తు చేసే అధ్యాపకుడు విశ్వవిద్యాలయపు భాండాగారంలో పెట్టిన పేపర్లనే లెక్కలోకి తీసుకుంటారు. పెట్టనిది రాయనట్టే. ఆ దెబ్బతో అక్కడి భాండాగారం నిండింది. మన విశ్వవిద్యాలయాల్లో థీసిస్ పెట్టమని విద్యార్థిని బలవంతం చేస్తారు, ప్రొఫెసర్ పేపరు మాత్రం ఆయన ఇష్టం. ఈ తేడా ఎందుకని అకడమిక్ కౌన్సిల్‌లో ఎవరైనా అడిగితే బాగుంటుంది.

మేము అడిగేది ఇంకో మెట్టు పైనుంది. గేటు తెరవడంతో ఆగకుండా నీళ్ళు ఎత్తిపోయాలి. ప్రతి థీసిస్‌తోపాటు నాలుగు పేజీల తెలుగు సారాంశం పెట్టి తీరాలని, అది యూనికోడ్‌లో ఉండాలని, పరిశోధన జరిగిన ఊరి గ్రామ సచివాలయానికి, బడికి ఒక ప్రతి చేరాలని అడుగుదాం. ఇది అయ్యే పని కాదంటారేమో. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా తెలుగులో వ్యవసాయ పంచాంగం వేస్తోంది కదా. ఏ పంటకు ఏ పురుగు, ఏ మందు ఎంత మోతాదు అని పల్లెలో చదువుకున్నవాడు చదివి చెప్పగలిగేలా రాస్తున్నారు. అదే చెయ్యి థీసిస్ సారాంశం రాయలేదా? చదువు లేనివాళ్ళకు దూరవిద్య అందించడానికే 1982లో దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాదులో పుట్టింది, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకుంది. తెలుగులో పాఠ్యపుస్తకాలు రాయించిన అనుభవం దానికి దండిగా ఉంది.

ఒక హద్దు సంగతి చెప్పకుండా ముగించలేం. దళిత అధ్యయనాలు చేసే మనకే ఇది ఎక్కువ వర్తిస్తుంది. అన్నీ తెరవాలనే ఉత్సాహంలో బాధితుల పేర్లు కూడా తెరుస్తున్నాం. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత మన పల్లెల మీద ఎన్నో థీసిస్‌లు వచ్చాయి. బీరువాలో ఉన్నంతకాలం సాక్షి పేరు, ఊరు, ఇంటిపేరు నలుగురే చూసేవారు. శోధగంగలోకి ఎక్కాక కేసులో ఎదుటి పక్షం వాడు కూడా ఫోనులో చూడగలడు. కూలికి పోయే ఇంట్లోవాళ్ళను ఆ పేజీ చూపించి బెదిరించవచ్చు. అందుచేత తీర్పుల్లో లేని పేరు ఏదీ థీసిస్‌లో ఉండకూడదని, అనుబంధంలోని ఇంటర్వ్యూలను విడిగా ఉంచాలని గైడును అడగండి. థీసిస్‌లోని సున్నితమైన భాగాలను కొంతకాలం మూసి ఉంచమని విశ్వవిద్యాలయాన్ని కోరే వీలుంది, చాలామంది విద్యార్థులకు ఆ మాట ఎవరూ చెప్పరు.

ఈ ఏడాది థీసిస్ ఇవ్వబోతున్న మిత్రులు నియమం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నాలుగు పేజీల తెలుగు సారాంశం మీరే రాసి, ఫైలులో చివరి ముక్కగా కలపండి. రాసే ముందు ఎవరి ఊళ్ళో పని చేశారో ఆ ఊరు ఒకసారి పోయి, రాసింది వాళ్ళకు చదివి వినిపించండి. తప్పులు వాళ్ళే పట్టుకుంటారు. మేము మిరప పురుగు పేపరు సంగతి అలా చదివినప్పుడు, రంగు గురించి రాసిన మాట సరిగా లేదని, పిల్ల పురుగు నల్లగా ఉండదని, పసుపు పచ్చగా ఉంటుందని ఆ అక్కే దిద్దింది.